మా నాయినమ్మ కోడి

ఆదివారం పొద్దున ఆరున్నరకు మా హాస్టల్ రూంలో ఫోను మోగిందంటే అది మా నాయినమ్మే. మాట్లాడేది నాలుగే ముక్కలు. "తిన్నవా కొడుకా? కోడి వచ్చింది. ఇయ్యాల రెండొచ్చినయ్. ఉంట మరి." అంతే, కట్. పొద్దున ఆరున్నరకు ఎవరూ తినరని ఎన్నిసార్లు చెప్పినా మొదటి ప్రశ్న మాత్రం మారదు.

మొదటి సంవత్సరం అంతా మా రూమ్మేట్లు మాకు ఊర్లో కోళ్లున్నాయనే అనుకున్నారు. ఒకడు, "మీ కోడి వారమంతా ఎటు పోతదిరా, ఆదివారమే ఇంటికొస్తది?" అని అడిగేవాడు. ఇంకొకడు సూటిగా, "దసరాకు పోయినప్పుడు ఒకటి పట్టుకురా, వండుకుందాం" అనేవాడు. వాళ్లకు చెప్పీ చెప్పీ అలిసిపోయి ఇక్కడ రాస్తున్నా. అది మా కోడి కాదు. అసలు ఎవరి కోడీ కాదు. అది నీటికోడి. మనిషి నీడ పడితే చాలు, ఉన్నచోట ఉండదు.

మాది నస్రుల్లాబాద్. బాన్సువాడ పక్కన. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు చేసినప్పుడు మా ఊరు ఉన్నచోటనే ఉండి నిజామాబాద్ జిల్లా నుంచి కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది, మండలం కూడా అయింది. మా ఇల్లు ఊరి చివర. ఇంటెనక పెరడు. పెరట్లో ఒక జామచెట్టు, ఒక నిమ్మచెట్టు, అరటి గుబురు, బచ్చలి తీగ, ఆ చివర ముళ్లకంచె. కంచెను ఆనుకొని పిల్లకాలువ, ఒడ్డున తుంగ. కాలువ దాటితే ఇక కనుచూపు మేరా వరి మడులే.

ఆ కాలువలో పారేవి నిజాంసాగర్ నీళ్లు. మంజీర మీద 1923లో పని మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు అది. దాని వెనకున్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. మన రాష్ట్రంలో జులై 11న ఇంజనీర్స్ డే చేసేది ఆయన పుట్టినరోజునే. మన కాలేజీలో ఆ రోజు స్పీచులు వినేటప్పుడు నాకు మా పెరడే గుర్తొస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ప్రాజెక్టు పూర్తయిన 1931లోనే సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు. ఒకాయన నీళ్లు పారించారు, ఇంకొకాయన పిట్టల లెక్క రాశారు. ఈ రెండు పనుల మధ్య సంబంధం ఉందని నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది. ఎకరాలు తడిస్తే వరి పండుతుంది, అది మనకు తెలిసిన లెక్క. కాలువ వెంట తుంగ మొలుస్తుంది, తుంగలో పురుగు పుడుతుంది, పురుగు కోసం నీటికోడి వస్తుంది. ఈ లెక్క మాత్రం ఏ ఎస్టిమేట్‌లోనూ ఉండదు.

మా పెరట్లోకి వచ్చే పిట్టల్లో రెండు రకాలున్నాయి. గోరువంకలు, పిగిలిపిట్టలు, కాకులు, గువ్వలు మనల్ని లెక్క చేయవు. మనం మంచం మీద కూర్చుంటే మంచం కిందకే వస్తాయి. రెండో రకానివి ఉన్నాయని మనకు తెలుస్తుంది గానీ కనపడవు. కౌజుపిట్ట గట్ల మీద నుంచి గొంతు చించుకొని అరుస్తుంది, చూద్దామని పోతే గడ్డి మాత్రమే ఊగుతుంటుంది. ఆడ కోయిల జామచెట్టులో గంటసేపు ఉండి కూడా ఒక్క చుక్కల ఈక చూపించదు. జెముడుకాకి కంచె లోపల్లోపలే నడుస్తుంది. నల్లటి ఒళ్లు, ఇటుకరంగు రెక్కలు, నిప్పుకణిక లాంటి కళ్లు. ఎక్కడో కుండలో నోరు పెట్టి ఊదినట్టు "కూప్ కూప్ కూప్" అంటుంది. కోయిల జాతిదే అయినా దానిలాగా కాకి గూట్లో గుడ్లు పెట్టి పోదు. తన గూడు తనే కట్టుకుంటుంది, తన పిల్లల్ని తనే సాకుతుంది. మిడతలు, నత్తలు, తొండలు, చిన్న పాములు, పక్క పిట్టల గుడ్లు, ఏది దొరికినా తింటుంది. ఈ చివరి మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

వీటన్నిటిలోకి బిడియం ఎక్కువైనది నీటికోడి. వీపు బూడిద నలుపు, మొహం నుంచి పొట్ట దాకా సున్నం కొట్టినట్టు తెలుపు, తోక కింద తుప్పు ఎరుపు. కాళ్లు పొడుగు, వేళ్లు ఇంకా పొడుగు. ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది, తోక ఒకసారి పైకి ఎగరేస్తుంది. మళ్లీ ఒక అడుగు. పరీక్ష హాల్లోకి ఆలస్యంగా వచ్చినవాడు నడిచినట్టు నడుస్తుంది. చిన్న చప్పుడైతే ఎగరదు, పరుగెడుతుంది. కంచె కింద దూరి మాయమవుతుంది.

అలాంటి పిట్ట మా నాయినమ్మకు ఆరడుగుల దూరంలో మెతుకులు ఏరుకుంటుంది.

నాయినమ్మ పొద్దున ఆరింటికి పెరట్లో బోళ్లు తోముతుంది. అదే పీట, అదే చోటు, అదే వేళ. గిన్నెలు కడిగిన నీళ్లు చిన్న కాలువ కట్టుకొని అరటి మొదళ్లలోకి పోతాయి. ఆ నీళ్లలో రాత్రి అన్నం మెతుకులుంటాయి, తడి మట్టిలో వానపాములుంటాయి. సగం బోళ్లు అయ్యేసరికి అరటి గుబురు వెనక నుంచి తెల్ల మొహం బయటికొస్తుంది. నాయినమ్మ దాన్ని చూడదు. గిన్నె వైపే చూస్తూ తోముకుంటుంది. అది కూడా నాయినమ్మను పట్టించుకోనట్టే తింటుంది. ఇద్దరు పాత చుట్టాలు మాట్లాడుకోకుండా ఒకే అరుగు మీద కూర్చున్నట్టుంటుంది.

నేను వంటింటి గడప దాటితే చాలు, తుర్రు!

"గట్ల సూడకురా దాన్ని. సూస్తే పోతది," అనేది నాయినమ్మ.

ఇది ముసలమ్మ మాట అని కొట్టిపారేశాను. తర్వాత చదివితే తెలిసింది. జంతువు మనిషిని ఎంత దూరంలో చూసి పారిపోతుందో కొలిచేవాళ్లున్నారు. స్టార్లింగ్ పక్షుల మీద చేసిన ప్రయోగంలో, మనిషి మేత వైపే చూస్తుంటే అవి దగ్గరికి రావడానికి వెనకాడాయి, చూపు తిప్పుకుంటే తొందరగా వచ్చాయి. పిట్టలు మన కాళ్లనే కాదు, మన కళ్లను కూడా గమనిస్తాయన్నమాట. నాయినమ్మ బడికి పోలేదు. కానీ అరవై ఏళ్లుగా అదే ప్రయోగం చేస్తోంది.

అయితే నేను ఇంజనీరింగ్ స్టూడెంటును. నాకు ఫొటో కావాలి.

రెండో సంవత్సరం చివర్లో మినీ ప్రాజెక్టుకు ఐడియా వెతుకుతుంటే ఇదే తట్టింది. మనిషి లేకుండా పిట్టను ఫొటో తీసే కెమెరా. ఈఎస్‌పీ32-క్యామ్ బోర్డు ఒకటి, పీఐఆర్ సెన్సర్ ఒకటి, మెమరీ కార్డు, ఒక పవర్ బ్యాంకు, అన్నీ ఒక పాత టిఫిన్ డబ్బాలో. వేడి ఒళ్లు ఏదైనా ముందు నుంచి కదిలితే సెన్సర్ పసిగడుతుంది, కెమెరా క్లిక్ మంటుంది. కాగితం మీద ఇంతే.

మే నెలలో ఇంటికి పోయి జామచెట్టు మొదట్లో డబ్బా కట్టాను. మూడు రోజుల తర్వాత కార్డులో 412 ఫొటోలు. నాలుగు వందల దాకా ఊగే అరటాకులు. మిగిలినవాటిలో ఉడుతలు, పక్కింటి కుక్క, నాయినమ్మ చెయ్యి. ఒక్కదాంట్లో ఏదో పిట్ట తోక, అదీ సగం. తప్పు ఎక్కడుందో కూర్చొని ఆలోచిస్తే సెన్సర్‌కు కావాల్సింది ఒంటి వేడికి, చుట్టూ ఉన్న వేడికి తేడా. మే నెల మధ్యాహ్నం మా ఊర్లో అంతా పొయ్యి మీదున్నట్టే ఉంటుంది, తేడా ఎక్కడిది? ఎండకు కాగిన ఆకు గాలికి ఊగితే అదే దానికి పిట్ట.

ఇంకో తప్పు ఇంకా పెద్దది. ఆ బోర్డు మీద తెల్లటి ఫ్లాష్ లైటు ఉంటుంది. అది నాలుగో పిన్నుకు కలిపి ఉంటుంది. మెమరీ కార్డుకు డేటా పోయే దారుల్లో ఒకటి కూడా అదే పిన్ను. కార్డును వన్-బిట్ మోడ్‌లో పెట్టకపోతే, ఫొటో సేవ్ అయిన ప్రతిసారీ లైటు మిణుక్కుమంటుంది. అంటే నేను దాక్కొని చూడటానికి పెట్టిన డబ్బా, వచ్చిన ప్రతి పిట్టకూ కన్నుకొట్టి మరీ "నేనిక్కడున్నా" అని చెప్పిందన్నమాట. ఈ బోర్డు వాడే జూనియర్లు ఎవరైనా ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, నాకు పోయిన నెలరోజులు మీకు మిగులుతాయి.

"నీ డబ్బా వచ్చిన కాంచి కోడి రాలే," అంది నాయినమ్మ. డబ్బా తీసేశాను. నాలుగు రోజులకు అది మళ్లీ వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

జులై చివర్లో మళ్లీ ఇంటికి పోయాను. వానలు పడుతున్నాయి. రాత్రీ పగలూ కంచె అవతల ఒకటే అరుపు, "క్ర్వాక్ క్ర్వాక్ కూక్" అని. ఎండాకాలం నోరు తెరవని పిట్ట వానాకాలం గూడు కట్టే రోజుల్లో ఊరంతా లేచేలా అరుస్తుంది. మెర్లిన్ యాప్ పెడితే వెంటనే "వైట్-బ్రెస్టెడ్ వాటర్‌హెన్" అని చెప్పింది. నాయినమ్మకు చూపిస్తే, "దానికి ఇయ్యాల తెలిసిందా?" అంది.

అరుపు పట్టుకొని వెతికితే గూడు దొరికింది. కాలువ ఒడ్డున తుంగకూ అరటికీ మధ్య, మోకాలెత్తున. తుంగ ఆకులు మడిచి పేర్చిన చిన్న గంప. లోపల ఆరు గుడ్లు. పాలమీగడ రంగు మీద ఎర్రటి మచ్చలు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది. కోడ్ సరిచేశాను, లైటు మీద నల్ల టేపు అంటించాను. డబ్బాను గూటికి మూడడుగుల దూరంలో పాతాను. ఆకులు అడ్డం వస్తున్నాయి. రెండు తుంగ దుబ్బులను పక్కకు వంచి దారంతో కట్టాను. పైన వాలి ఉన్న అరటాకు ఒకటి కోసేశాను. ఫ్రేమ్ బాగా కుదిరింది.

రెండో రోజు సాయంత్రం పోయి చూస్తే గూడు ఖాళీ. పెంకు ముక్కలు రెండు.

కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాను. మొదటి రోజు నీటికోడి వచ్చింది. గూటి దగ్గర దాకా వచ్చి, వంచి కట్టిన తుంగను చూసి నిలబడింది. మళ్లీ ఎప్పటికో వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది. రెండో రోజు పదకొండు దాటాక ఒక ఫొటో. నా జీవితంలో నేను తీసిన పిట్ట ఫొటోల్లో అంత స్పష్టంగా వచ్చింది ఇంకోటి లేదు. ఇటుకరంగు రెక్క సగం విప్పి ఉంది. ఎర్రటి కన్ను సూటిగా డబ్బా వైపే చూస్తోంది. ముక్కుకు పచ్చసొన. జెముడుకాకి.

నాయినమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. తప్పంతా జెముడుకాకిది అన్నట్టుగానే చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తలేదు.

"కంచె ఇప్పింది నువ్వు. దొంగ ఎవడైతేంది?"

తర్వాత ఒక పని మీద వన్యప్రాణి సంరక్షణ చట్టం చదవాల్సి వచ్చింది. 1972 నాటిది. అందులో "వేట" అనే మాటకు ఇచ్చిన అర్థంలో అడవి పక్షుల గుడ్లు పాడుచేయడంతో పాటు, గుడ్లను గానీ గూళ్లను గానీ కదిలించడం, ఇబ్బంది పెట్టడం కూడా ఉంది. తుపాకీ అక్కర్లేదు. దారం చాలు.

మూడో సంవత్సరం మొదట్లో ప్రాజెక్టు రివ్యూ జరిగింది. అవుట్‌పుట్ చూపించాలి. ఆకుల ఫొటోలు చూపించలేం కదా. ఆ ఫొటోనే స్లైడ్‌లో పెట్టాను. స్క్రీన్ మీద అంత పెద్దగా ఆ ఎర్ర కన్ను. "వెరీ గుడ్, మంచి క్యాప్చర్," అన్నారు. మార్కులు కూడా బాగానే వేశారు. ఆ గుడ్ల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ మొదటిసారి చెప్తున్నా.

ఆ తర్వాత వరుసగా ఆరు ఆదివారాలు నాయినమ్మ ఫోను ఇలా ఉంది. "తిన్నవా కొడుకా? రాలే. ఉంట మరి."

మీరు నవ్వుకోవచ్చు గానీ ఆ "రాలే" అనే మాట వినడానికి నాకు భయంగా ఉండేది. ఆదివారం పొద్దున్నే మెలకువ వచ్చేది. ఫోను మోగేదాకా దుప్పటి కిందే ఉండేవాణ్ణి. ఏడో వారం, దసరా ముందర, "ఒక్కటే వచ్చింది. దూరం కెల్లి సూసి పోయింది" అంది. రూంలో ఇంకెవరికీ అర్థం కాలేదు, నేను లేచి ఎందుకు చాయ్ తాగించానో.

దసరాకు ఇంటికి పోతే ఇంకో కథ మొదలై ఉంది. పండక్కి అక్క వచ్చింది, పది నెలల అల్లుణ్ణి తీసుకొని. వాడు అప్పుడే పాకుతున్నాడు. పండగ మూడు రోజుల ముందు బోళ్లు తోమే చోట నాగుపాము కనపడింది. అదీ పొద్దుటి పూటే, నాయినమ్మ పీట దగ్గరే. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ బాపు ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున లేచి చెప్పేశాడు, జేసీబీ పిలిచి కంచె, తుంగ, అరటి అంతా తీయించి కాలువ పొంటి ఆరడుగుల గోడ కట్టిస్తానని. పెరడంతా సిమెంటు చేయిస్తానని.

నేను పిట్టల సంగతి ఎత్తాను. బాపు నన్ను కోప్పడలేదు. నెమ్మదిగానే అడిగాడు. "పిట్టల కోసం పిలగాని పానం మీదికి తెచ్చుకుందామారా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పర్యావరణం మీద మనం రాసే పోటీ వ్యాసాల్లో ఇలాంటి బాపు ఎప్పుడూ కనిపించడు. వాటిల్లో చెట్టు కొట్టేవాడు చెడ్డవాడు, అంతే. మా బాపు జమ్మి ఆకు పెట్టి దండం పెట్టే మనిషి. దసరా నాడు పాలపిట్ట కనపడితే మంచిదని మమ్మల్ని చిన్నప్పుడు స్కూటరు మీద పొలాల్లో తిప్పిన మనిషి. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. 2023లో వచ్చిన "స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్" నివేదిక 942 జాతులను పరిశీలించి, బాగా తగ్గిపోయి అంతర్జాతీయ ఎర్ర జాబితాలో మళ్లీ అంచనా వేయాల్సినవిగా 14 జాతులను చూపింది. వాటిలో పాలపిట్ట ఒకటి. ఈసారి కూడా బాపు మమ్మల్ని తిప్పాడు. కనపడలేదు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి సివిల్ చదివే నా దోస్తుకు ఫోన్ చేశాను. పెరడు వెడల్పు అరవై అడుగులు. బాపు చెప్పిన గోడ ఆరడుగుల ఎత్తు, తొమ్మిది అంగుళాల మందం. అంటే 270 ఘనపుటడుగులు, దాదాపు 3,600 ఇటుకలు. పైగా కాలువ పక్క మెత్తటి నేల, పునాది లోతుకు పోవాలి. అదే గోడను కాలువకు పన్నెండు అడుగులు ఇవతల గట్టి నేల మీద కడితే? నాలుగడుగుల ఎత్తు, నాలుగున్నర అంగుళాల మందం, మధ్యమధ్య పిల్లర్లు. అన్నీ కలిపి 1,400 ఇటుకలు. లోపలి వైపు నున్నగా ప్లాస్టరింగ్, చిన్న ఇనుప గేటు, గేటు కింద సందు లేకుండా గడప. గిన్నెల నీళ్లు అవతలికి పోవడానికి ఒక తూము, తూముకు జాలి. పిల్లగాడు గోడకు ఇవతల, తుంగ గోడకు అవతల.

పొద్దున కాగితం బాపు ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. "పన్నెండు అడుగుల జాగా ఊకెనే ఇడిసిపెట్టాల్నా? రేపు పక్కోడు జరిగితే?" అన్నాడు. హద్దు రాళ్లు పాతిద్దామన్నాను. ఇటుకల లెక్క మళ్లీ చూశాడు. నాయినమ్మ అప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అప్పుడంది, "ఇడిసిపెడితే ఏమైతదిరా. మీ నాయిన గూడ ఇడిసిపెట్టిండు." ఆమె చెప్పింది మా తాత గురించి. కంచె ఆయన పెట్టిందే.

బాపు మేస్త్రికి ఫోన్ చేశాడు. నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో నేను పిట్టలకు చేసిన ఒకే ఒక మేలు ఆ ఇటుకల లెక్క. అది మా బ్రాంచి సబ్జెక్టు కూడా కాదు.

నవంబరులో గోడ లేచింది. నాయినమ్మ మేస్త్రితో పోట్లాడి, తను కూర్చునే చోట మధ్యలో నాలుగు ఇటుకలు వదిలించి, ఆ ఖాళీలో సన్న జాలి పెట్టించుకుంది. పీట మీద కూర్చుంటే కళ్ల ఎత్తుకు వస్తుంది. గోడకు ఇవతల బోళ్లు తోముతుంది, నీళ్లు తూములోంచి అవతలికి పోతాయి. డిసెంబరు దాకా ఏమీ రాలేదు. కొత్త గోడను అవీ చూసుకోవాలి కదా. సంక్రాంతికి రెండు రోజుల ముందు పొద్దున నేను వంటింట్లో ఉంటే నాయినమ్మ దగ్గినట్టు చేసింది. మా మధ్య సైగ అది. నేను కదల్లేదు, తొంగి చూడలేదు. గోడ అవతల తడి మట్టిలో చిన్న చిన్న అడుగుల చప్పుడు. చిటుక్, ఆగడం. చిటుక్, ఆగడం. అంత దగ్గరగా ఉన్నా చూడకుండా ఉండటం నాకు అదే మొదటిసారి.

ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టలు లెక్కపెడతారు. కనీసం పావుగంట ఒకచోట ఉండి, చూసినవీ విన్నవీ రాసి ఈబర్డ్‌లో పెట్టాలి. పైన చెప్పిన నివేదిక కూడా మనలాంటి ముప్పై వేల మందికి పైగా రాసిపెట్టిన ఇలాంటి లెక్కలతోనే తయారైంది. ఆ శనివారం ఇంటికి పోయి నాయినమ్మ పక్కన కూర్చున్నాను, గోడకు వీపు పెట్టి. నాయినమ్మకు రెండు కళ్లకూ మోతిబిందు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది కావాలి. కానీ ఆమెకు కళ్లతో పనేముంది? "గువ్వ. రెండు గువ్వలు. గోరింక... ఆగు, గది తేనెపిట్ట, నిమ్మచెట్టు మీద. జెముడుకాకి, దూరంల." నేను రాసుకున్నాను. పావుగంటలో పదకొండు రకాలు. నా ఒక్కడి కళ్లతో అయితే అయిదు దాటేవి కావు. జెముడుకాకి పేరు రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. దాని తిండి అది తిన్నది. తలుపు తీసిపెట్టింది నేను. రాశాను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పిట్టలు వస్తుండవచ్చు. మీకు తెలిసి ఉండకపోవచ్చు. నాకు పాఠంగా తగిలినవి చెప్తా, ఉపన్యాసం అనుకోకండి. పెరట్లో ఒక మూల ఊడ్వకుండా వదిలేయండి. ఎండాకాలం మట్టి మూకుడులో నీళ్లు పెడితే నేల మీద, పొదకు దగ్గరగా పెట్టండి, రెండు రోజులకోసారి కడగండి. రోజూ అదే వేళకు అదే పని చేయండి, వాటికి మీ టైం టేబుల్ తెలిసిపోతుంది. వానాకాలం గూడు కనపడితే ఒక్కసారి చూసి వెనక్కి నడవండి. ఫొటో తీయాలనిపిస్తే నా ఫొటో అడగండి, చూపిస్తా. దాని ధర కూడా చెప్తా.

ఇది రాస్తున్నది ఆగస్టులో. ఫైనల్ ఇయర్ మొదలైంది. ప్లేస్‌మెంట్ల హడావిడి, అందరం ఆప్టిట్యూడ్ పుస్తకాల్లో తలలు పెట్టి ఉన్నాం. పోయిన ఆదివారం ఆరున్నరకు ఫోను మోగింది.

"తిన్నవా కొడుకా?"

"లేదు నాయినమ్మా. చెప్పు."

"పిల్లలు వచ్చినయ్ రా. నల్లగ, బొగ్గు ముక్కల్లెక్క. తల్లెనక ఉరుకుతున్నయ్. నాకు నాలుగు గొడ్తున్నయ్, మీ అమ్మ అయిదంటది."

గూడు ఎక్కడుందని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఫోను గోడ మీద పెట్టినట్టుంది, కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత నీళ్ల చప్పుడు, గిన్నె చప్పుడు, వాటి వెనక ఎక్కడో సన్నగా "కీచ్ కీచ్" అని. స్పీకర్ ఆన్ చేశాను. దసరాకు కోడి పట్టుకురమ్మన్న వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. ఏమీ అడగకుండా విన్నాడు.

"ఉంట మరి," అంది నాయినమ్మ. కట్.